గ్రీన్ కార్డు నిలబెట్టుకునే లెక్క వేరు, సిటిజన్‌షిప్ లెక్క వేరు

అమ్మకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయని ఫోన్ చేసిన మూడో రోజుకే మా చెల్లెలు న్యూజెర్సీ నుంచి చెన్నైలో దిగి, అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చేసింది. 2023 ఆగస్టు అది. నెల రోజులుండి పోదామని వచ్చిన పిల్ల, ఫిజియోథెరపీ, మందులు, రాత్రిళ్లు అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టడం, వీటిలో పడి ఏడు నెలలు ఉండిపోయింది. అమ్మను చూడటానికి వచ్చినవాళ్లంతా పళ్ల సంచి బల్ల మీద పెట్టి, అమ్మను పలకరించి, తర్వాత చెల్లెలి వైపు తిరిగి చెప్పే మాట ఒకటే: "ఆర్నెల్లకోసారి పోయి ముట్టుకుని వస్తే చాల్లేమ్మా, నీ కార్డు యాడికీ పోదు."

అమెరికాలో పిల్లలున్న ఇళ్లన్నిటిలోనూ ఈ మాట తిరుగుతూనే ఉంటుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, కానీ దాన్ని నమ్మి ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మా చెల్లెలి విషయంలో ఈ చిక్కు విప్పుకోవడానికి మాకు చాలా రోజులు పట్టింది. పెళ్లి ద్వారా గ్రీన్ కార్డు, అంటే అమెరికాలో శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చి, సిటిజన్‌షిప్ కోసం చూస్తూ, మధ్యలో అమ్మానాన్నల కోసమో భర్త ఉద్యోగం కోసమో దేశం దాటి వెళ్లాల్సి వచ్చినవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నా.

మొదట ఒక అపోహ. అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకుంటే సిటిజన్‌షిప్ వచ్చేస్తుందని మన దగ్గర చాలామంది అనుకుంటారు. పెళ్లి వల్ల వచ్చేది గ్రీన్ కార్డు వరకే. సిటిజన్‌షిప్‌కు మళ్లీ విడిగా ఎన్-400 అనే దరఖాస్తు వేసుకోవాలి. మామూలుగా గ్రీన్ కార్డు వచ్చాక 5 ఏళ్లు ఆగాలి. పౌరుణ్ణి పెళ్లాడి అతనితో కాపురం చేస్తున్నవాళ్లకు అది 3 ఏళ్లు. పెళ్లి ఇచ్చే వెసులుబాటు ఆ రెండేళ్లే. దానికీ షరతులున్నాయి: ఆ 3 ఏళ్లూ భర్త పౌరుడై ఉండాలి, ఆ 3 ఏళ్లూ ఇద్దరూ కలిసి కాపురం చేసి ఉండాలి, సిటిజన్‌గా ప్రమాణం చేసే రోజు వరకు ఆ పెళ్లి నిలిచి ఉండాలి. మధ్యలో విడాకులైనా, భర్త చనిపోయినా మూడేళ్ల దారి మూసుకుపోతుంది, ఐదేళ్ల దారి పట్టాల్సిందే.

ఇప్పుడు అసలు చిక్కు. దేశం బయట ఉన్నప్పుడు మన మీద ఒకేసారి మూడు లెక్కలు నడుస్తుంటాయి. మనవాళ్లు మూడింటినీ కలిపి ఒకే లెక్కగా చెప్పుకుంటారు. "ఆర్నెల్లు" అనే మాట అలా పుట్టిందే.

ఒకటి, గ్రీన్ కార్డు బతికి ఉందా లేదా అన్నది. ఏడాదికి మించి బయట ఉంటే ఆ కార్డు ఒక్కటే చూపించి మళ్లీ అడుగుపెట్టడం కుదరదు. అంతకంటే తక్కువే ఉన్నా, నీ ఇల్లూ వాకిలీ ఉద్యోగం అన్నీ ఇండియాలోనే ఉన్నాయి, ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తున్నావు అని విమానాశ్రయంలో అధికారికి అనిపిస్తే, నివాసం వదిలేసుకున్నావని పట్టుబట్టొచ్చు. ముట్టుకుని రావడం అనే పద్ధతి దెబ్బతినేది ఇక్కడే. ఐదున్నర నెలలు ఇండియాలో, రెండు వారాలు అమెరికాలో, మళ్లీ ఐదున్నర నెలలు ఇండియాలో, ఇలా తిరిగితే స్టాంపులన్నీ ఆరు నెలల లోపే కనిపిస్తాయి గానీ మనిషి ఎక్కడ కాపురం ఉంటోందో ఆ స్టాంపులే చెప్పేస్తాయి.

రెండోది, తెంపు లేకుండా అక్కడ నివాసం ఉన్నామా అన్నది. కంటిన్యువస్ రెసిడెన్స్ అంటారు. సిటిజన్‌షిప్‌కు చూసేది దీన్నే. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి, ఏడాది లోపు బయట ఉంటే నివాసం తెగిపోయిందన్న లెక్కతోనే అధికారులు మొదలుపెడతారు. తెగలేదని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది. ఏడాది లేదా అంతకు మించి ఉంటే వాదనకు తావు లేదు, తెగినట్టే. ఐదేళ్ల దారిలో ఉన్నవాళ్లు తిరిగి వచ్చాక 4 ఏళ్ల ఒక రోజు, మూడేళ్ల దారిలో ఉన్నవాళ్లు 2 ఏళ్ల ఒక రోజు ఆగితే తప్ప దరఖాస్తు వేసుకోలేరు. అప్పుడు కూడా వెనక్కి చూస్తే ఆరు నెలలు దాటిన ఖాళీ కనబడుతూనే ఉంటుంది కాబట్టి దానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

మూడోది సూటిగా రోజుల లెక్క. ఫిజికల్ ప్రెజెన్స్. 3 ఏళ్లలో 18 నెలలు, అంటే 548 రోజులు అక్కడి నేల మీద ఉండాలి. 5 ఏళ్లయితే 30 నెలలు, 913 రోజులు. విమానం ఎక్కిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అక్కడ ఉన్నట్టే కలుస్తాయి.

మా అమ్మ గదిలో టీటీడీ క్యాలెండర్ ఉంటుంది. స్వామివారి బొమ్మ కింద తేదీల చుట్టూ ఫిజియోథెరపీ అతను వచ్చే రోజులకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టేవాళ్లం. ఒక రాత్రి అమ్మ నిద్రపోయాక చెల్లెలు ఆ క్యాలెండర్ కిందకి దింపి, పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని వేలితో ఒక్కో గడీ లెక్కపెడుతూ కూర్చుంది. 2023 ఆగస్టు 20న బయలుదేరింది, 2024 మార్చి 25కి టికెట్. మధ్యలో 217 రోజులు. 2022 జూన్ 15న గ్రీన్ కార్డుతో అక్కడ దిగింది కాబట్టి 3 ఏళ్లకు 1096 రోజులు, అందులో 217 తీసేస్తే 879. కావాల్సింది 548. రోజుల లెక్కలో దర్జాగా గట్టెక్కుతుంది. "అయితే ఇంకేం" అన్నా నేను. అది తల ఎత్తి, "అక్కా, ఒకే విడతలో ఆర్నెల్లు దాటేసింది కదే" అంది. మూడు లెక్కలు వేరని నాకు బుర్రకెక్కింది ఆ రాత్రే. ఒకదాంట్లో ఫస్ట్ క్లాసులో పాసైనా ఇంకోదాంట్లో తప్పొచ్చు.

ఆ టికెట్ మార్చి 25కే ఎందుకంటే దాని వెనక ఇంకో గడువుంది. గ్రీన్ కార్డు చేతికొచ్చే నాటికి పెళ్లై రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. వీళ్ల పెళ్లి 2020 డిసెంబర్‌లో, కరోనా మధ్యలో, తిరుచానూరులో యాభై మందితో జరిగింది, కార్డు వచ్చేసరికి ఏడాదిన్నరే అయింది. ఆ కార్డు గడువు తీరే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని భార్యాభర్తలిద్దరూ సంతకాలు పెట్టి ఐ-751 అనే దరఖాస్తు వేయాలి. మా చెల్లెలికి ఆ 90 రోజులు మార్చి 17న మొదలయ్యాయి. అమ్మకు బాగా లేదనో ఊళ్లో లేమనో ఆ గడువు ఆగదు, దాటితే కార్డుకే ముప్పు. చాలామంది సిటిజన్‌షిప్ ఆలోచనలో పడి దీన్ని మర్చిపోతారు.

ఆరు నెలలు దాటిందని సిటిజన్‌షిప్ ఆశ వదులుకోనక్కర్లేదు. నివాసం తెగలేదని చూపించడానికి నిబంధనల్లోనే కొన్ని ఆధారాలు చెప్పారు: అక్కడి ఉద్యోగం మానేయలేదు, దగ్గరి కుటుంబం అక్కడే ఉంది, అక్కడి ఇల్లు మన చేతిలోనే ఉంది, బయటి దేశంలో కొత్త ఉద్యోగంలో చేరలేదు. గమనించారో లేదో, వాళ్లు పట్టించుకునేది ఎందుకు వెళ్లావన్న దాని కంటే అక్కడ ఏం ఉంచుకుని వెళ్లావన్న దాన్ని. అమ్మ ఆసుపత్రి కాగితాలు అవసరమే, కానీ వాటితోనే పని జరగదు. చెల్లెలు తన ఆఫీసు వాళ్లు ఇచ్చిన లీవు లెటర్, ఇద్దరి పేరా ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, ఆ ఏడు నెలల కరెంటు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇద్దరూ కలిసి వేసిన ట్యాక్స్ రిటర్నులు, కారు ఇన్సూరెన్స్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుంది. ఆ ఏడు నెలల్లో తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా రమ్మని పిలిచారు, ఊరికే ఉంటున్నావు కదా అని. వద్దంది. పోతే పోనీలే నాలుగు డబ్బులొస్తాయి కదా అని నేనే ఒత్తిడి చేశా. చేరి ఉంటే ఆ ఒక్క అపాయింట్‌మెంట్ ఆర్డరే రేపు దానికి ఎదురు తిరిగేది.

రీఎంట్రీ పర్మిట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది మునిగేది దీంతోనే. ఏడాది దాటి బయట ఉండాల్సి వస్తుందని ముందే తెలిస్తే ఐ-131 దరఖాస్తు వేసి రీఎంట్రీ పర్మిట్ తీసుకోవచ్చు. సాధారణంగా రెండేళ్లకు ఇస్తారు. దరఖాస్తు వేసేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి, వేలిముద్రలు ఇవ్వాలి. తిరుపతిలో కూర్చుని వేయడానికి లేదు. మా వీధిలో ఒకాయన ఇదంతా పద్ధతిగానే చేశాడు, పర్మిట్ తీసుకుని వచ్చి తండ్రి దగ్గర పద్దెనిమిది నెలలు ఉన్నాడు, తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో ఎవరూ ఏమీ అనలేదు. ఇంకేముంది, అంతా సవ్యంగా ఉందనుకుని ఐదేళ్లు నిండగానే సిటిజన్‌షిప్‌కు వేశాడు. తిరస్కరించారు. ఆ పర్మిట్ కాపాడేది మొదటి లెక్కను, గ్రీన్ కార్డును. రెండో లెక్కకు దానితో సంబంధం లేదు. పర్మిట్ ఉన్నా సరే ఏడాది దాటితే నివాసం తెగిపోతుంది. ఆయనకు కార్డు మిగిలింది, ఏళ్లు పోయాయి. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నెల ముందో నెల వెనకో ప్రయాణాలు సర్దుకునేవాణ్ణి అంటాడు ఇప్పటికీ.

పర్మిట్ లేకుండానే ఏడాది దాటిపోయిందనుకోండి, అప్పుడు అమెరికా కాన్సులేట్‌లో ఎస్‌బీ-1 అనే రిటర్నింగ్ రెసిడెంట్ వీసా అడగాలి. తిరిగి వెళ్లాలనే ఉద్దేశం మొదటి నుంచీ ఉందని, మన చేతిలో లేని కారణాల వల్లే ఆగిపోయామని నిరూపించాలి. తేలికగా ఇచ్చేది కాదు. మరో సంగతి, పెద్దవాళ్లున్న ఇళ్లకు ముఖ్యంగా: విమానాశ్రయంలో ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే, అది మీ గ్రీన్ కార్డును మీరే ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం. అలసటలో, భయంలో సంతకం పెట్టేయకండి. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటామని అడిగే హక్కు ఉంది.

2025 మొదట్లో ఇంకో మలుపు. మా మరిదిని, అంటే చెల్లెలి భర్తను, వాళ్ల కంపెనీ హైదరాబాద్ ఆఫీసుకు రెండేళ్లు పంపుతామంది. ఇంట్లో అందరికీ ఆనందం, అమ్మకైతే చెప్పనక్కర్లేదు. కానీ వెంటనే టెన్షన్. కెనడాలో ఉన్న మా పిన్ని కూతురు, "మీ ఆయన సిటిజనే కదా, ఆయనతో కలిసి ఉంటే ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది, మాకు అంతే" అంది. దాని మాట దాని దేశానికి నిజమే. కెనడాలో పర్మనెంట్ రెసిడెన్సీ (పీఆర్) నిలవాలంటే 5 ఏళ్లలో 730 రోజులు ఉండాలి, పౌరుడైన భర్తతో కలిసి బయట గడిపిన రోజులు అందులో కలుపుతారు. అక్కడ కూడా అది పీఆర్ నిలబెట్టుకోవడానికే, సిటిజన్‌షిప్‌కు 1095 రోజులు ఆ దేశంలో ఉండాల్సిందే. అమెరికాలో భర్తతో కలిసి బయట ఉన్నంత మాత్రాన రోజులు కలవవు. బ్రిటన్‌ది మళ్లీ వేరే దారి. ఒక దేశం లెక్క తెచ్చి ఇంకో దేశంలో వాడుకోవడం మన బంధువుల గుంపుల్లో రోజూ జరిగేదే, అందుకే ఇది ప్రత్యేకంగా రాస్తున్నా.

అయితే అమెరికా చట్టంలో దీనికి పూర్తిగా ఎదురు నడిచే సెక్షన్ ఒకటుంది, 319(బి). మనవాళ్లలో దీని పేరు విన్నవాళ్లు తక్కువ. పౌరుడైన భర్త లేదా భార్యను అమెరికా ప్రభుత్వమో, విదేశీ వ్యాపారం చేసే అమెరికన్ కంపెనీయో, దాని అనుబంధ సంస్థో, గుర్తింపు పొందిన అమెరికన్ పరిశోధనా సంస్థో ఉద్యోగం మీద విదేశానికి పంపితే, అది కనీసం ఏడాది పోస్టింగ్ అయితే, గ్రీన్ కార్డు ఉన్న జీవిత భాగస్వామి మూడేళ్లూ ఆగనక్కర్లేదు, 548 రోజులూ చూపించనక్కర్లేదు. భర్తతో కలిసి విదేశంలో ఉంటానని, ఆ ఉద్యోగం అయిపోగానే అమెరికాకే తిరిగొస్తానని చెప్పాలి. ప్రమాణం చేసే రోజు అమెరికాలో ఉండాలి. ఇంగ్లీషు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్షలు మామూలే. అతను సొంతంగా ఇండియన్ కంపెనీలో ఉద్యోగం చూసుకుని వచ్చేస్తే మాత్రం ఇది వర్తించదు.

మేం దీని మీద ఆశ పెట్టుకున్నాం కానీ అడ్డుపడింది ఒక కాగితం. పోస్టింగ్ ఎన్నాళ్లో రాసి ఉన్న ఆర్డరు చేతిలో ఉండాలి. "పంపుతాం, పంపుతాం" అంటారే గానీ కంపెనీ లెటర్ ఇవ్వలేదు. ఇంతలో మూడేళ్లు దగ్గరపడ్డాయి. నివాసం లెక్క నిండడానికి 90 రోజుల ముందే ఎన్-400 వేయొచ్చన్న వెసులుబాటు ఉంది గానీ, అది నివాసానికే. కలిసి కాపురం చేసిన మూడేళ్లు దరఖాస్తు వేసే నాటికే నిండి ఉండాలని లాయరు చెబితే ఆగి, 2025 జూన్ 16న వేసింది. ఆన్‌లైన్‌లో 710 డాలర్లు. వేశాక కూడా పని అయిపోయినట్టు కాదు. దరఖాస్తు వేసిన రోజు నుంచి ప్రమాణం చేసే వరకు నివాసం తెగకుండా ఉండాలి, కాబట్టి ఈ మధ్యలో సామాన్లు సర్దుకుని హైదరాబాద్ వచ్చేస్తే మొదటికే మోసం. మరిది కంపెనీ వాళ్లతో మాట్లాడి ప్రయాణాన్ని వాయిదా వేయించుకున్నాడు. అది అందరికీ కుదరదని తెలుసు. అడగడానికి మొహమాటపడకండి అని మాత్రం అంటాను.

నవంబర్‌లో ఇంటర్వ్యూ. సివిక్స్ పరీక్షలో అప్పటి పద్ధతిలో 10 ప్రశ్నలడిగి 6 చెబితే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు వేసినవాళ్లకు 20 ప్రశ్నలు, 12 చెప్పాలి. అధికారి ఆ 217 రోజుల దగ్గర ఆగాడట. ఎందుకు వెళ్లావని ఒక్కసారే అడిగి, తర్వాతంతా ఉద్యోగం, ఇల్లు, ఆయన ఎక్కడున్నాడు, ఇవే. అద్దె ఒప్పందం, లీవు లెటర్ తిరగేసి చూసి పక్కన పెట్టాడు. డిసెంబర్‌లో ప్రమాణం అయింది.

డబ్బు విషయం కూడా చెప్పి వదిలేస్తా. గ్రీన్ కార్డు ఉన్నంత కాలం మీరు ఎక్కడున్నా అమెరికాకు ట్యాక్స్ రిటర్ను వేయాల్సిందే, ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపించాలి. ఇండియాలో ఉన్నాం కదా అని నాన్‌రెసిడెంట్‌గా రిటర్ను వేస్తే, నేను అక్కడి నివాసిని కాను అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. ఇంకోటి, మన ఇళ్లలో అమ్మానాన్నల బ్యాంకు ఖాతాలో, ఎఫ్‌డీల్లో కూతురి పేరు కూడా చేర్చడం మామూలు. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు ఇవ్వాలి, డబ్బు నాన్నదే అయినా పేరు మీది కూడా ఉంటే లెక్కే. సిటిజన్ అయ్యాక కూడా ఇది పోదు.

ఇక ఇటువైపు. మన దేశానికి ద్వంద్వ పౌరసత్వం లేదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్ట్ అప్పగించాలి, తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకోవచ్చు. ఓసీఐతో రావచ్చు, ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు ఉండదు. చెల్లెలు ప్రమాణం రోజు ఫోన్ చేసి నవ్వుతూనే మాట్లాడింది, చివర్లో మాత్రం "పాస్‌పోర్ట్ ఇచ్చేయాలంటే ఎట్లో ఉందక్కా" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. కాగితాల్లో పుట్టిన ఊరు తిరుపతి, జిల్లా చిత్తూరు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి పాత సర్టిఫికెట్లలో ఒకటి, కొత్త వాటిలో ఒకటి ఉంటుంది. అలాంటివాళ్లు ఏ దరఖాస్తులోనైనా ఒకేలా రాసేలా చూసుకోండి.

నాన్నకు చంద్రగిరి దగ్గర మూడెకరాల మామిడితోట ఉంది, తోతాపురి ఎక్కువ. ఇద్దరు కూతుళ్లకూ ఇప్పుడే దాన సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేయించేస్తానన్నాడు. ఆగమన్నాం. విదేశంలో ఉండే ఎన్నారై అయినా ఓసీఐ అయినా వ్యవసాయ భూమి కొనడానికి లేదు, దానంగా పుచ్చుకోవడానికీ లేదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకని వీలునామా రాసి రిజిస్టర్ చేయించాడు. మరిది పోస్టింగ్ లెటర్ కూడా వచ్చింది, ఇంక మూటాముల్లె సర్దుకుని రావడమే. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తోంది. కొత్త క్యాలెండర్‌లో వాళ్లు దిగే తేదీ చుట్టూ ఎడం చేత్తో తనే పెన్సిల్ సున్నా చుట్టింది, కొంచెం వంకరగా.